కార్డు రిపేరుకు ముందు కాపీ తియ్యి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ రాస్‌బెర్రీ పై, అదే ఆ చిన్న కంప్యూటర్ బోర్డు, బూట్ అవుతుంటే "వాల్యూమ్ సరిగ్గా అన్‌మౌంట్ కాలేదు, ఎఫ్‌ఎస్‌సీకే నడపండి" అని వస్తోందని రాత్రి నిద్ర కూడా పోలేదట, అక్క చెప్పింది. అంత టెన్షన్ వద్దు నాన్నా, దానికే మెమరీ కార్డు పోయినట్టు కాదు. అన్‌మౌంట్ అంటే కార్డును సిస్టమ్ పద్ధతిగా మూసెయ్యడం, ఎఫ్‌ఎస్‌సీకే అంటే అందులో తప్పులు వెతికి సరిచేసే ప్రోగ్రాం.

కార్డు మొదట్లో ఉండే చిన్న బూట్ భాగం ఫ్యాట్ అనే ఫైళ్లు దాచే పద్ధతిలో ఉంటుంది. దాన్ని రాయడానికి తెరవగానే సిస్టమ్ ఒక గుర్తు పెట్టుకుంటుంది, మూసేటప్పుడు తీసేస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. డర్టీ బిట్ అనేది దాన్నే. చెక్ చేసి తీసేదాకా ప్రతి బూట్‌లోనూ అదే మాట కనిపిస్తుంది.

ముందు రాస్‌బెర్రీ పై ఆపి, కార్డు బయటికి తీసి, రీడర్‌లో పెట్టి నీ లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించు. అది దానంతటదే మౌంట్ అయితే అన్‌మౌంట్ చెయ్యి. తర్వాత డీడీ అనే కాపీ కమాండ్‌తో మొత్తం కార్డు కాపీ తియ్యి. 32 జీబీ కార్డుకి 32 జీబీ ఖాళీ కావాలి, చూసుకో. ఈ మెట్టు మాత్రం దాటెయ్యకు. ఒకసారి నేను తొందరపడి, నడుస్తున్న సిస్టమ్ మీదే, సిస్టమ్ ఫైళ్లూ మన ఫైళ్లూ ఉండే రూట్ భాగానికి ఎఫ్‌ఎస్‌సీకే కొట్టాను. నెల రోజుల రీడింగులు పేర్లు పోగొట్టుకుని, లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో ఉత్త నంబర్లతో మిగిలాయి. ఏది ఏ రోజుదో ఇప్పటికీ తేలలేదు.

కాపీ అయ్యాక బూట్ భాగం మీద ఎఫ్‌ఎస్‌సీకే నడుపు. బూట్ సెక్టార్‌కీ దాని బ్యాకప్‌కీ తేడా ఉందంటూ 65:01/00 అని చూపించవచ్చు. తేడా అదొక్కటే అయితే కంగారు పడకు, అది ఆ డర్టీ బిట్టే. అక్కడ ఏమీ మార్చకుండా ముందుకు వెళ్లి, డర్టీ బిట్ తీసెయ్యమన్న ప్రశ్నకు సరే అను. రూట్ భాగం ఈఎక్స్‌టీ4 అనే వేరే పద్ధతి. దానికి జర్నల్, అంటే మార్పుల చిట్టా, ఉంది కాబట్టి చాలాసార్లు తనే సర్దుకుంటుంది, అయినా దాన్నీ ఒకసారి చెక్ చెయ్యి.

"చివరి మౌంట్ సమయం భవిష్యత్తులో ఉంది" అని వచ్చినా భయపడకు. నీ రాస్‌బెర్రీ పై 4లో బ్యాటరీ గడియారం లేదు, నెట్ దొరికేదాకా దానికి టైమ్ సరిగ్గా తెలియదు.

చదవడం, రాయడం కుదరలేదని ఐ/ఓ ఎర్రర్ పదే పదే వచ్చినా, కార్డు రాయడానికి వీల్లేని రీడ్ ఓన్లీ అయిపోయినా మాత్రం అది వేరే కథ. ఆ కార్డుతో ఇక కుస్తీ పట్టకు, డేటా తీసుకుని మార్చెయ్యి. కొత్తది కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, ఎఫ్3 అనే ప్రోగ్రాంతో నిండా రాయించి, తిరిగి చదివించి చూడు. దొంగ కార్డయితే అక్కడే దొరికిపోతుంది.

నాకు అసలు అనుమానం నీ కరెంటు మీదే. మేలో సాయంత్రం గాలిదుమారం లేస్తే మీ కూకట్‌పల్లిలో కరెంటు పోవడం మామూలే. పైగా ట్యాంకు నీళ్ల లెక్క రాసే ఆ రాస్‌బెర్రీ పైకి పాత ఫోన్ చార్జర్ పెట్టావు. దానికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. రాస్‌బెర్రీ పైలో వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ అనే కమాండ్ ఇచ్చి చూడు, 0x50000 అని వస్తే వోల్టేజీ తగ్గిందని అర్థం. ఆపేటప్పుడు పవర్‌ఆఫ్ కమాండ్ ఇచ్చి, ఆకుపచ్చ లైటు మినుకుమినుకు ఆగాకే ప్లగ్ పీకు.

ఆదివారం పొద్దున్న వస్తాను. అడాప్టర్, చిన్న యూపీఎస్ నేనే తెస్తాను. కాపీ తీసేదాకా ఆ కార్డుతో మళ్లీ బూట్ చెయ్యకు.

మామయ్య
ఈసీఐఎల్, హైదరాబాద్