కోనసీమలో బోరు లోతుగా వేస్తే ఉప్పునీరు ఎందుకు పడుతుంది?

గోదావరి డెల్టాలో, ముఖ్యంగా తీరానికి దగ్గరగా ఉన్న కోనసీమ ఊళ్లలో, మంచినీరు నేల పైపొరల్లోనే ఉండి దాని అడుగున ఉప్పునీరు ఉంటుంది కనుక, బోరు లోతుకు దిగేకొద్దీ నీరు ఉప్పగా మారుతుంది.

నది తెచ్చిన ఇసుక, ఒండ్రు, బంకమన్ను వేల ఏళ్లుగా సముద్రపు అంచున పేరుకుని ఈ నేల ఏర్పడింది. ఆనాటి సముద్రపు నీరు కొంత బంకమన్ను పొరల్లోనే చిక్కుబడిపోయింది. ఆ పైన వాన నీరు, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువల ద్వారా వచ్చి వరిచేలలో ఇంకే నీరు చేరి, ఉప్పునీటికన్నా తేలిక కావడం వల్ల దానిమీద తేలుతూ నిలుస్తుంది. సముద్రంతో కలిసి ఉన్న ఇసుక పొరలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 అడుగు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరు నిలుస్తుందని సూత్రం. అంటే పైన ఒక్క అడుగు తగ్గినా కింద జరిగే నష్టం చాలా పెద్దది.

ఉదాహరణకు, పాత తీరరేఖల వెంట మిగిలిన ఇసుక దిబ్బమీద, కొబ్బరిచెట్ల మధ్య తవ్విన ఒరల నూతిలో నీరు తియ్యగా ఉంటుంది. దిబ్బ దిగి పల్లపు చేలలో వేసిన బోరులో నోట పెట్టలేని ఉప్పునీరు పడవచ్చు. ఇసుక వాన నీటిని ఇట్టే ఇంకించుకుంటుంది, బంకమన్ను అంతగా ఇంకించుకోదు.

“ఇంకాస్త లోతుకు వెళ్తే తీపినీరు తగులుతుంది” అనుకోవడమే చాలామంది పొరపాటు. మెట్ట ప్రాంతంలో పనికొచ్చే ఆ ఆలోచన ఇక్కడ తరచుగా బెడిసికొడుతుంది. పెద్ద మోటారుతో ఎడతెగకుండా తోడితే అడుగునున్న ఉప్పునీరే పైకి లేచి, అంతవరకు బాగున్న నీటినీ పాడుచేస్తుంది.