ఒక్క రోజులో నిర్మల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఊళ్ల మీద ప్రశ్నలు పంపమంటే, ఎక్కువమంది నిర్మల్ గురించే అడిగారు. బొమ్మలు, గోదావరి, దారిలో అంకాపూర్ కోడికూర మూడూ ఒకే రోడ్డు మీద ఉండటమే కారణం కావచ్చు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

మా అపార్ట్‌మెంట్ వాళ్లం పన్నెండు మందిమి టెంపో ట్రావెలర్‌లో వెళ్దామనుకుంటున్నాం. గైడుతో సహా ఒక ప్యాకేజీ చెప్పారు. పొద్దున ఐదింటికి బయల్దేరి నిర్మల్ బొమ్మలు, పోచంపాడు డ్యామ్, కుంటాల జలపాతం, బాసర దర్శనం, అంకాపూర్ భోజనం చూసుకుని రాత్రి పదింటికల్లా ఇల్లు చేరొచ్చట. వీలవుతుందా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

వీలవదండీ. లెక్క వేసి చూడండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ 200 కిలోమీటర్ల పైమాటే. టిఫిన్‌కి ఒకచోట ఆగితే టెంపో ట్రావెలర్‌లో నాలుగున్నర గంటలు. అంటే రానుపోను తొమ్మిది గంటలు బండిలోనే పోతాయి. కుంటాల నిర్మల్ దాటాక ఆదిలాబాద్ వైపు, నేరడిగొండ దగ్గర ఉంటుంది. వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. బాసరేమో నిర్మల్‌కి పడమర, భైంసా మీదుగా ఇంకో 70 కిలోమీటర్లు. ఈ రెండూ చెరో దిక్కు. సెలవు రోజు బాసరలో క్యూ ఎంతసేపు పడుతుందో ఆ సరస్వతీ అమ్మవారికే తెలియాలి. ఇలాంటి ప్యాకేజీల్లో చివరికి కోత పడేది బొమ్మలకే. అమ్మకం కౌంటర్ దగ్గర ఇరవై నిమిషాలు, ఒక గ్రూప్ ఫొటో, ఇక బండెక్కండి అంటారు.

కుంటాల, బాసర తీసేయండి. ఐదున్నరకి కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దాటేస్తే ఏడున్నర లోపు కామారెడ్డిలో టిఫిన్ అవుతుంది. ఆర్మూర్‌లో ఆగకుండా పదింటికి నేరుగా నిర్మల్ చేరండి. పది నుంచి పన్నెండున్నర దాకా బొమ్మల పని దగ్గరే ఉండండి. మధ్యాహ్నం భోజనానికి పనివాళ్లు లేచాక వెళ్తే మీకు కనిపించేది అద్దాల బీరువాలే. తిరుగు దారిలో సోన్ వంతెన దగ్గర గోదావరి చూసుకుని రెండింటికి అంకాపూర్ చేరొచ్చు. మూడున్నరకి అక్కడ లేస్తే ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు. మేడ్చల్ నుంచి సుచిత్ర దాకా సాయంత్రం ట్రాఫిక్‌కి ఒక అరగంట అదనంగా వేసుకున్న లెక్క ఇది.

ఊళ్లోనే ఇంకో అరగంట మిగిలితే శ్యామ్‌గఢ్ కోట చూడండి. బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డ గోండు నాయకుడు రాంజీ గోండునూ అతని అనుచరులనూ 1860లో ఉరితీసిన 'వెయ్యి ఉరుల మర్రి' కథ కూడా ఈ ఊరిదే. ఆ చోటు చూపించి, ఆ కథ సరిగ్గా చెప్పగలిగినవాడే గైడు. మిగతావాళ్లు దారి చూపించేవాళ్లు, అంతే.

అడ్వాన్స్ ఇచ్చే ముందు రెండు విషయాలు అడగండి. మేం వెళ్లే రోజు పని జరుగుతుందా, లేక షోరూమ్ మాత్రమే తెరిచి ఉంటుందా? చెక్కేవాళ్లూ రంగులు వేసేవాళ్లూ ఇద్దరూ ఉంటారా? వీటికి తడుముకుంటే ఆ గైడుకి అక్కడ ఎవరూ తెలియదని అర్థం.

గోదావరిలో పడవ షికారు ఉంటుందా? ఏ నెలలో వెళ్తే నది బాగుంటుంది?
— ఉప్పల్, మల్కాజిగిరి నుంచి ఇద్దరు

నిర్మల్ ఊరు గోదావరి ఒడ్డున లేదు. నది దక్షిణాన సోన్ దగ్గర, హైవే వంతెన కింద పారుతుంది. ఆ వంతెనకి కాస్త పైన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లన్నీ అక్కడే ఆగి కాలువలకు వెళ్తాయి. అందుకే ఎండాకాలంలో సోన్ దగ్గర బండలు, నడుమ సన్నటి పాయలు తప్ప ఏమీ కనిపించదు. పడవ ఆశ పెట్టుకోకండి. మొత్తం 42 గేట్లు. జలాశయం 1,091 అడుగుల పూర్తి మట్టానికి దగ్గరపడి, ఎగువ నుంచి వరద వస్తుంటే గేట్లెత్తుతారు. చాలా ఏళ్లు ఇది ఆగస్టు, సెప్టెంబరుల్లో జరుగుతుంది. గేట్లెత్తిన ఆదివారం జనం విరగబడతారు కాబట్టి డ్యామ్‌కి వేరే రోజు చూసుకోండి. బొమ్మల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వానాకాలంలో రంగులు త్వరగా ఆరవు, పనీ నెమ్మదిగా సాగుతుంది.

అంకాపూర్‌లో 'టేస్టింగ్' అని ప్యాకేజీలో రాశారు. మాలో నలుగురు శాకాహారులు, ఇద్దరు పిల్లలు, ఒకరు కారం తినలేని పెద్దాయన. ఎంత చెప్పుకోవాలి?
— ఒక పాఠకుడు, బోయిన్‌పల్లి

అంకాపూర్ ఆర్మూర్ నుంచి జగిత్యాల రోడ్డులో, ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ కూర ప్లేట్ల లెక్కన కాదు, కోడి లెక్కన అమ్ముతారు. నాటుకోడి మొత్తాన్ని కోసి, వండి, అన్నంతో ఇస్తారు. చాలాచోట్ల పార్సిల్ వ్యాపారమే ఎక్కువ. కూర్చుని తినే చోటు ఉందో లేదో ముందే అడగాలి.

కిలోన్నర బరువున్న కోడి శుభ్రం చేశాక కిలోకి అటూఇటూగా వస్తుంది. కడుపునిండా తినడానికి నలుగురైదుగురికి, రుచి చూడటానికైతే ఆరేడుగురికి సరిపోతుంది. మీలో మాంసం తినేవాళ్లు ఎనిమిది మంది దాకా ఉంటే రెండు కోళ్లు చాలు. మూడు చెబితే మూడోది హైదరాబాద్ దాకా డిక్కీలో ప్రయాణం చేస్తుంది.

నాటుకోడి తొందరపడే కూర కాదు. బ్రాయిలర్‌లా ఇరవై నిమిషాల్లో ఉడకదు. తక్కువ వండితే ముక్క పీచులా సాగుతుంది. ఆకలితో వెళ్లి 'త్వరగా ఇవ్వండి' అన్నవాళ్లకే ఆ పీచు దక్కేది. నిర్మల్‌లో పన్నెండున్నరకి బండెక్కుతూ ఫోన్ చేసి చెప్పండి. మీరు చేరేసరికి కూర దిగి, కాసేపు మూత కింద మగ్గి ఉంటుంది. ముక్క చిన్నగా కొట్టమని, కారం ఎంత ఉండాలో అప్పుడే చెప్పాలి. కారం నూనెలో వేగేటప్పుడే పడుతుంది. వండాక నీళ్లు పోసి తగ్గించబోతే కారం అలాగే ఉండి రుచి మాత్రం పోతుంది. పెద్దాయనకీ పిల్లలకీ వేరే గిన్నెలో సగం కోడి తక్కువ కారంతో చేయించండి.

శాకాహారులకి 'పప్పన్నం ఉంటుందిలే' అనుకుని వెళ్లొద్దు. ఒకరోజు ముందే జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు చెప్పుకోండి. ఈ ప్రాంతం రుచి అసలు జొన్నరొట్టెలోనే ఉందని మా అభిప్రాయం. కోడికూర పేరు ముందు దాని పేరు వినిపించదు, అంతే. పిండి తాజాదైతేనే రొట్టె సాగుతుంది. పాతబడ్డ పిండిని ఎంత మరిగిన నీళ్లతో కలిపినా తట్టేటప్పుడు అంచులు పగుళ్లు వారతాయి. పెనం మీద వేశాక పైన తడిచేత్తో నీళ్లు రాస్తారు. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. పూర్తిగా ఆరితే రొట్టె పొంగదు. దించిన ఐదు నిమిషాల్లో తినాలి, అరగంట తర్వాత అది అప్పడమే. అందుకే రొట్టెలు పార్సిల్ కట్టించుకోవద్దు. రుచి చూడటానికి మనిషికి ఒకటి చాలు.

సీజన్ అయితే రోడ్డు పక్కన కాల్చిన మక్క కంకులు దొరుకుతాయి. భోజనానికి ముందు తిన్నారంటే రెండు కోళ్లలో ఒకటి మిగులుతుంది. ఆర్మూర్ వైపు పసుపు కొనాలనుకుంటే పొడి కాదు, కొమ్ములు కొనండి. ఎండిన కొమ్ము వంచితే వంగకుండా టక్కున విరగాలి, లోపల నారింజ రంగు కనిపించాలి. వంగితే తేమ ఉన్నట్టు, డబ్బాలో బూజు పడుతుంది.

పోయినసారి పిల్లలు నిర్మల్‌లో ఏనుగు బొమ్మలకు రంగులేశారు. ఇంటికొచ్చి ప్లాస్టిక్ కవర్ విప్పితే రంగు దానికే అంటుకుపోయింది. తప్పు ఎక్కడ జరిగింది?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం

కవర్ దగ్గరే జరిగింది. అదెలాగో తెలియాలంటే బొమ్మ ఎలా తయారవుతుందో కొంచెం చూడాలి.

నిర్మల్ బొమ్మ పొనికి కర్రతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే కర్రా, బెండా అన్నంత తేలిక. గోటితో నొక్కితే గుంట పడేంత మెత్తన. ఈ చెట్టు ఆదిలాబాద్ అడవుల్లో తగ్గిపోతుండటమే బొమ్మలు చేసే నకాషీ పనివాళ్లకు పెద్ద బెంగ. కర్రని బాగా ఆరబెట్టి, ముక్కలు కోసి, ఉలితో ఒంటిని చెక్కుతారు. చెవులు, తొండం, కాళ్లు విడిగా చేసి అతికిస్తారు. అతుకుకి వాడేది చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్ద. కొండపల్లిలో దీన్నే మక్కు అంటారు. అతుకు ఆరాక ఆకురాయితో నునుపు చేసి, తెల్లటి సుద్ద పూత పూస్తారు. అదీ ఆరాక అరగదీసి, అప్పుడు రంగు. ప్రతి పూతకీ ఆరే సమయం ఉంది. అందుకే ఒక్క పూటలో మొదటి నుంచి చివరి దాకా 'మీ చేత్తో బొమ్మ' చేయడం కుదరదు. పూత పూసి సిద్ధంగా ఉన్న బొమ్మకి రంగు వేయడమే సందర్శకులకు మిగిలేది.

ఇక ఆ రంగు. పనివాళ్లు మామూలుగా వాడేది ఎనామిల్ జాతి రంగు. కొన్ని గంటల్లో పైన పొర కడుతుంది, వేలు పెడితే అంటుకోదు. కానీ పొర కింద ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ స్థితిలో ప్లాస్టిక్‌లో చుడితే లోపలి ద్రావకం ఆవిరై బయటికి పోలేక, పైపొరనే మళ్లీ మెత్తబరుస్తుంది. మూసిన డిక్కీ వేడి దానికి తోడు. పిల్లల రంగు మందంగా ఉంటుంది కాబట్టి వాళ్ల బొమ్మలకే ఈ గతి ముందు పడుతుంది.

ఈసారి పిల్లలకి అక్రిలిక్ రంగులు ఇప్పించమని గైడుకి ముందే చెప్పండి. లేదా మీరే ఆరు రంగుల పెట్టె, 2, 6 నంబర్ల కుంచెలు పట్టుకెళ్లండి. పలుచగా రెండు పూతలు, మధ్యలో ఇరవై నిమిషాల విరామం. మొదటి పూత ఆరకముందే రెండోది వేస్తే కుంచె కింద సుద్ద లేచి గారలు పడతాయి. ఎనామిలే వాడాలని పట్టుబడితే బొమ్మను అట్టపెట్టెలో నిలబెట్టి, కాళ్లను నూలు దారంతో అడుగు అట్టకి కట్టి, పైన మూత తెరిచి తీసుకురండి. చేతులకంటిన ఎనామిల్‌కి టర్పెంటైన్ వద్దు. కొబ్బరినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది.

బొమ్మ అసలుదో కాదో, నిర్మల్ పెయింటింగ్ చేత్తో వేసిందో ప్రింటో ఎలా పోల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, అమీర్‌పేట

బొమ్మని తిరగేయండి. అడుగున రంగు పలుచబడి కర్ర గీతలు, ఉలి ఆనవాళ్లు కనిపిస్తాయి. అచ్చు పోసిన బొమ్మ బరువుగా ఉంటుంది, అంచున అచ్చు కలిసిన సన్నటి గీత ఉంటుంది. పక్కపక్కన నాలుగు చిలకలు పెడితే నాలుగింటి కన్నూ ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

పెయింటింగ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకోండి. నల్లటి నేపథ్యం మీద బంగారు గీత కాస్త ఉబ్బెత్తుగా, మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటే కుంచె పని. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపించేది ప్రింటు. అజంతా బొమ్మలు, మొఘల్ సూక్ష్మచిత్రాల తరహాలో వేసేవి పాత వరస పెయింటింగులు. వాటిలో వేళ్లు, కనురెప్పలు చూడండి. చేయి తిరిగినవాళ్ల పని అక్కడే తెలుస్తుంది. ధర కూడా సైజుని బట్టి కాదు, అక్కడి పనిని బట్టే.

బస్సులో వెళ్లొచ్చా?
— ఒక పాఠకురాలు, తార్నాక

నిర్మల్‌కి రైలు లేదు, బస్సే దిక్కు. జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి నిర్మల్, ఆదిలాబాద్ బస్సులుంటాయి. ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకే వర్తిస్తుంది, సూపర్ లగ్జరీకి కాదు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వెంట ఉంచుకోండి. తిరుగుదారిలో ఆర్మూర్‌లో దిగి మెట్‌పల్లి, జగిత్యాల వైపు బస్సో ఆటోనో పట్టుకుంటే అంకాపూర్. అక్కడ ఆలస్యమైతే రాత్రి ప్రయాణం తప్పదు, కోడికూర పార్సిల్ చేయించుకోవడమే మేలు.

పాత నిర్మల్ ఆవు బొమ్మకి చెవి ఊడింది. తడిగుడ్డతో తుడుస్తుంటే వచ్చేసింది. ఇంట్లో అతికించవచ్చా?
— ఒక పాఠకురాలు, సైదాబాద్

అతికించవచ్చు. తడిగుడ్డే దాన్ని ఊడగొట్టింది. చింతగింజల అతుకు తేమ తగిలితే ఉబ్బి పట్టు వదిలేస్తుంది. ఇకముందు పొడి కుంచెతో దులపండి, అంతే.

గుప్పెడు చింతగింజలు వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టండి. మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి, గరిటెకి జిగటగా పట్టేదాకా సన్నమంట మీద ఉడికించండి. వడ్రంగి దగ్గర దొరికే సన్నటి రంపపు పొట్టు జల్లెడ పట్టి, చపాతీ పిండికన్నా మెత్తగా ఉండేలా కలపండి. పొట్టు ఎక్కువైతే ఆరాక రాలిపోతుంది, జిగురు ఎక్కువైతే కుంచించుకుపోయి అతుకు చుట్టూ పగులు వస్తుంది. పాత ముద్దను చాకుతో గీకి, చెవిని నిలబెట్టి, సన్నటి దారంతో రెండు చుట్లు కట్టండి. నీడలో ఒక పగలు, ఒక రాత్రి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది. మర్నాడు దారం విప్పి 220 నంబరు గరుకు కాగితంతో రుద్ది, రంగు వేయండి. చెవి కొంచెం వంకరగా కుదిరితే మళ్లీ ఊడదీయకండి. పొనికి మెత్తటి కర్ర, ఈసారి చెవితోపాటు తలలో ముక్క కూడా ఊడొస్తుంది.