వేట బంగ్లా వరండాకి గోడ కట్టొచ్చా?

గుణుపురం వైపు పాత జమీందారీ వేట బంగ్లా మీ వాటాకి వచ్చింది, వెనక వరండా మూసేసి రెండు గదులు చేసుకోవచ్చా అని అడిగారు. మూయకండి.

మాది బరంపురం. నాన్న తాపీ మేస్త్రీ. ఆయన వెంట తిరిగి ఇలాంటి కప్పులు చాలానే ఎక్కాను. వేట బంగ్లాలో గదులు పడుకోడానికీ, తుపాకులు పెట్టుకోడానికీ మాత్రమే. దొరలూ చుట్టాలూ పొద్దంతా కూర్చునేది వరండాలోనే. మీరు వెనక అంటున్నది బహుశా అసలు ముఖం. అటు వాగో చెరువో ఉందేమో చూడండి. జంతువులు నీళ్ళకొచ్చే దిక్కుకే వరండా పెట్టేవారు.

ఇది మన దగ్గరే కాదు. లండన్ పక్క ఎప్పింగ్ అడవిలో ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ 1543లో కట్టించిన వేట భవనం పై అంతస్తులకి మొదట గోడలే లేవు. ఓక్ దూలాల మధ్య ఖాళీలోంచి వేట చూసేవారు, బాణాలు వేసేవారు. తర్వాత ఆ ఖాళీలు పూడ్చేశారు. ఇప్పుడది మ్యూజియం. ఆయన కూతురు మొదటి ఎలిజబెత్ రాణి గుర్రం మీదే ఆ మెట్లెక్కిందని కథ కూడా చెబుతారు, నేనైతే నమ్మను.

ఇక మీ కప్పు సంగతి. మద్రాసు టెర్రస్, అంటే కర్ర దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన పాతకాలం కప్పు అయితే, కింద నిలబడి పైకి చూడండి. దూలాల మీద పల్చటి ఇటుకలు పడుకోబెట్టి కాకుండా అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరసల్లో కనిపిస్తాయి. మధ్యలో గానుగ సున్నం. ఆ దూలాల కొసలు గోడలో దిగి ఉంటాయి. వాటికి గాలి తగలాలి. వరండా మూసి సిమెంటు పూస్తే గోడలో చెమ్మ బయటికి పోదు, కొసలు లోపలే కుళ్ళుతాయి. మేం వెళ్ళిన ఒక బంగ్లాలో యజమాని ఇలాగే చేశాడు. సిమెంటు పూత పెచ్చులుగా లేచింది, దూలం కొసలో స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగిపోయింది. రిపేరుకి సున్నమే వాడండి, కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

గదులు కావాలంటే పెరట్లో వెతకండి. పొగకీ నిప్పుకీ భయపడి వంటిల్లు బంగ్లాకి దూరంగా కట్టేవారు. దాని పునాది ఇప్పటికీ ఉండొచ్చు, గట్టిగా ఉంటే మీ రెండు గదులూ అక్కడే లేపుకోండి.