కోడ్‌మిర్రర్ 6లో కొన్ని లైన్లను మాత్రమే లాక్ చేయడం ఎలా?

వెబ్‌పేజీల్లో పెట్టుకునే కోడ్ ఎడిటర్ కోడ్‌మిర్రర్‌లో మీరు స్టూడెంట్‌కి ఒక ఎక్సర్‌సైజ్ ఇస్తున్నారనుకుందాం: స్టూడెంట్ ఫంక్షన్ లోపల మాత్రమే రాయాలి, పైనా కిందా మీరిచ్చిన కోడ్ మారకూడదు, అంతే కదా? దీనికి రీడ్‌ఓన్లీ సెట్టింగ్ పనికిరాదు, అది మొత్తం డాక్యుమెంట్‌కి వర్తిస్తుంది. ఎడిటర్‌స్టేట్‌లో ఉన్న చేంజ్‌ఫిల్టర్ (changeFilter) వాడండి, ప్రతి మార్పునీ ముందుగా చూసి ఆపగలిగే ఫంక్షన్‌ని దీనికి ఇస్తారు: అది [0, 40, 95, 120] అనే అర్రే రిటర్న్ చేస్తే డాక్యుమెంట్ మొదటి నుంచి లెక్కించిన అక్షరాల స్థానాల్లో 0-40, 95-120 మధ్య పడే మార్పులు ఆగిపోతాయి, మిగతా చోట హాయిగా టైప్ చేసుకోవచ్చు. కానీ ఆ నంబర్లను కోడ్‌లో అలాగే రాసి వదిలేయకండి, మధ్యలో ఒక్క అక్షరం కొట్టగానే 95 కాస్తా 96 అయిపోతుంది, కాబట్టి వాటిని స్టేట్‌ఫీల్డ్‌లో (ఎడిటర్ స్టేట్‌లో మీ సొంత డేటా దాచుకునే చోటు) ఉంచి ప్రతి ట్రాన్సాక్షన్‌లోనూ, అంటే ఎడిటర్‌లో జరిగే ప్రతి మార్పులోనూ, పాత స్థానం నుంచి కొత్త స్థానం లెక్కించే మ్యాప్‌పోజ్‌తో (mapPos) జరుపుతూ ఉండాలి.

లాక్ చేసిన భాగాన్ని మీ ప్రోగ్రామే మార్చాలంటే ఆ ట్రాన్సాక్షన్‌కి filter: false ఇవ్వండి, అప్పుడు చేంజ్‌ఫిల్టర్ దాన్ని ఆపదు. దాంతోపాటు ఆ మార్పు అన్‌డూ హిస్టరీలో చేరకుండా యాడ్‌టుహిస్టరీ (addToHistory) కూడా ఫాల్స్ చేయండి, ఎందుకంటే అన్‌డూ ఈ ఫిల్టర్‌ని లెక్కచేయదు, కంట్రోల్ జెడ్ నొక్కితే మీరు పెట్టిన మార్పు పోతుంది.