జపనీస్ భాష రాకపోయినా వాళ్ల కల్చరల్ గ్రూపుల్లో కలవొచ్చా?

అమెరికాలో సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూకి కొత్తగా వచ్చాం, పాపకి జపాన్ అంటే పిచ్చి, భాష రాకపోతే అక్కడి గ్రూపులు రానిస్తాయా అని అడిగారు. నిక్షేపంగా రానిస్తారు. నాలుగేళ్లుగా వెళ్తున్నా, నాకు వచ్చిన జపనీస్ పది మాటలు దాటదు.

అందరూ ముందు సియాటెల్ సెంటర్‌లో ఏప్రిల్‌లో జరిగే చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ గురించే చెబుతారు. 1976లో జపాన్ ప్రధాని టకియో మికి వెయ్యి చెర్రీ మొక్కలు ఇచ్చినప్పుడు మొదలైంది. బాగుంటుంది, కానీ తిని, ఫొటోలు దిగి వచ్చేస్తాం. ఎవరూ పరిచయం కారు.

మనుషులు కావాలంటే జూలైలో సియాటెల్ బౌద్ధాలయం వాళ్ల బొన్ ఒడోరికి, అంటే అందరూ వలయంగా తిరుగుతూ ఆడే జపనీస్ డాన్స్ పండగకి వెళ్లండి. 1932 నాటి పండగ అది. పండగ రోజు కంటే ముందు, సాయంత్రాలు పెట్టే డాన్స్ ప్రాక్టీసుకే వెళ్లండి.

మాది వరంగల్. గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టడం నాకొకరు నేర్పాలా అనుకున్నా. టాంకో బుషి అనే పాట మొదలయ్యాక తెలిసింది. అది జపాన్‌లోని క్యూషూ దీవి బొగ్గుగని పాట. తవ్వాలి, బొగ్గు భుజం మీదుగా వేయాలి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి చూడాలి, బండి తోయాలి, అప్పుడు చప్పట్లు. నేను తవ్వకుండానే కొట్టేశా. బతుకమ్మ అలవాటు మరి!

పండగ రోజు అరువు యుకాతా (వేసవిలో కట్టే పల్చటి నూలు కిమోనో) కట్టుకుని వెళ్తే ఒక పెద్దావిడ నన్ను పక్కకి లాగి, నడుం పట్టీ విప్పి, ఎడమ అంచు పైకొచ్చేలా మళ్లీ కట్టింది. కుడి అంచు పైకి వేసేది శవానికట. సిగ్గుతో చచ్చాను అనబోయి ఆగా.

తర్వాత రామెన్ తింటూ ఆవిడే చెప్పింది, తను పుట్టింది ఐడహోలోని మినిడోకా క్యాంపులో అని. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరాడుతున్న అమెరికా ప్రభుత్వం 1942లో సియాటెల్ జపనీస్ కుటుంబాలని ఇళ్లు ఖాళీ చేయించి, మొదట దగ్గర్లోని పుయాలప్‌లో తాత్కాలిక శిబిరానికి, తర్వాత ఆ మినిడోకా నిర్బంధ శిబిరానికి తరలించింది. బెల్‌వ్యూలో స్ట్రాబెర్రీ తోటలు వేసిన జపనీస్ రైతులనీ అప్పుడే పంపేశారు. మీ అపార్ట్‌మెంట్ కింద ఎవరి తోట ఉండేదో ఏమో.

ఇంకో మాట, ఈ బొన్ పండగ చనిపోయినవాళ్లని తలుచుకోవడానికి. మన మహాలయ పక్షాల్లాంటిదే, కానీ ఏడుపు ఉండదు. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు తల్లికి ప్రేతలోకం నుంచి విముక్తి దొరికిందని ఆనందంతో గంతులేశాడట, ఆ డాన్సే ఇది అంటారు. ఫొటోలు తీసుకోండి గానీ, వలయంలో సెల్ఫీ కోసం ఆగిపోవద్దు, వెనకవాళ్లు గుద్దుకుంటారు.

ఈలోగా పాపని బెల్‌వ్యూ బొటానికల్ గార్డెన్‌లో యావొ గార్డెన్‌కి తీసుకెళ్లండి. ఒసాకా దగ్గరి యావొ 1969 నుంచి మీ ఊరికి సిస్టర్ సిటీ. యుకాతా మాత్రం మొదటి ఏడాదే కొనకండి. టీషర్టు, మెత్తటి చెప్పులు చాలు.