ఆగి ఉన్న బాల్, ఆగని గోల

ప్రశ్న: సార్, కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడతాను. పరుగులో వచ్చే బాల్ బానే కొడతా గానీ ఫౌల్‌కి ఫ్రీకిక్ ఇచ్చారంటే, ఆగి ఉన్న బాల్‌ని కొట్టాలి కదా, అయితే అడ్డంగా నిలబడ్డ అవతలి ఆటగాళ్ల గోడకి తగుల్తుంది, లేదంటే గోల్ బార్ మీంచి చెట్లలోకి పోతుంది. బ్రెజిల్ ఆటగాడు రాబర్టో కార్లోస్ లాగా దూరం నుంచి ఉరికొచ్చి కొట్టినా అంతే. ఏం చేయాలి? - వరంగల్ నుంచి ఓ పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఉరకడం మానెయ్. దొర్లుకుంటూ వచ్చే బాల్‌కి దాని స్పీడు కొంత ఉంటది, కాలు సరిగ్గా అడ్డం పెట్టినా పోతుంది, ఆగి ఉన్నదానికి స్పీడు, ఎత్తు, తిరుగుడు అన్నీ నువ్వే ఇయ్యాలి. అందరూ కొట్టే కాలు గురించే చెప్తారు గానీ నన్నడిగితే అసలు సంగతి ఆనించే కాల్లో ఉంది. అది బాల్ పక్కనే, ఓ జానెడు దూరంలో పడాలి. వెనకాల పడిందనుకో, ఒళ్లు వెనక్కి వాలి పాదం బాల్ కిందకి దూరుతుంది, ఇంక చెట్లే.

గోడ 9.15 మీటర్ల దూరంలో ఉంటది, బార్ ఎత్తు 2.44 మీటర్లు. అంటే వాళ్ల తలలు దాటాలి, వెంటనే దిగాలి, ఉత్త బలంతో అయ్యే పని కాదది. కుడికాలితో అయితే బొటనవేలి మొదట్లో ఎముక ఉంటది చూడు, దాంతో బాల్‌కి కుడి పక్కన, మధ్యకి కాస్త కిందగా, చీలమండ బిగబట్టి రాసినట్టు కొట్టు, ఎడమకి తిరుగుద్ది. పది గజాల అవతల రెండు కర్రలు పాతి తలెత్తున తాడు కట్టి, మూడు నాలుగు అంగలతోనే ప్రాక్టీస్ చెయ్.

ఇక కార్లోస్ గోల్. 1997 జూన్‌లో లియాన్‌లో ఫ్రాన్స్ మీద, ఎడమకాలి బయటి వైపుతో కొట్టాడు, బాల్ గోల్‌కి ఎంత అవతలికి పోయిందంటే పక్కనున్న బాల్ బాయ్ తల వంచుకున్నాడు, చివర్లో లోపలికి తిరిగి పోస్టుకి తగిలి నెట్లో పడింది, ఫ్రాన్స్ గోలీ బార్తెజ్ కదల్లేదు. అది దాదాపు 35 మీటర్లు. పోయేకొద్దీ స్పీడు తగ్గుద్ది గానీ తిరుగుడు అంతగా తగ్గదు, అందుకే చివర్లో వంపు ఎక్కువ. నువ్వు కొట్టే ఓ 20 మీటర్ల దూరంలో ఆ వంపు వచ్చేలోపే బాల్ గోల్ దాటిపోద్ది, ఆ వీడియో చూసి ఆనందించు చాలు.

ప్రశ్న: మా బాబు పెనాల్టీ కొడితే పోస్టుకి తగిలి వెనక్కొచ్చింది, వాడే మళ్లీ కొట్టి నెట్లో వేశాడు. రిఫరీ గోల్ ఇవ్వలేదు, పేరెంట్స్ అందరం గొడవ చేశాం. అన్యాయమే కదా? - విజయవాడ నుంచి ఓ అమ్మ

జవాబు: కాదమ్మా, రిఫరీదే కరెక్ట్. కొట్టినవాడు వేరే ఎవరైనా తాకేదాకా బాల్ మళ్లీ ముట్టకూడదు, పోస్టు లెక్కలోకి రాదు. గోలీ చేతికి తగిలి వచ్చుంటే మాత్రం ఆ గోల్ ఇవ్వాల్సిందే, మ్యాచ్ సమంగా ముగిశాక పెట్టే పెనాల్టీ షూటౌట్‌లో తప్ప. ఆ రిఫరీ మళ్లీ కనిపిస్తే ఓ టీ ఇప్పించండి.