షెడ్‌లో దొరికిన పాత మినీ బైక్‌ని ర్యాట్ రాడ్‌లా ఎలా చేసుకోవాలి? తుప్పు ఉంచాలా, తీసెయ్యాలా?

టెక్సాస్‌లో ఇల్లు కొన్నామని, పాత ఓనర్ వెనక షెడ్‌లో ఒక మినీ బైక్ (చిన్న చక్రాల బుల్లి మోటారు బండి) వదిలేసి వెళ్లాడని, ఇంజిన్ పట్టేసి అస్సలు తిరగడం లేదని రాశారు. దాన్ని ర్యాట్ రాడ్ స్టైల్‌లో చేసుకోవాలని ఉంది, పాత రంగు తీసెయ్యాలా, ఇంజిన్ కొత్తది వెయ్యాలా అని అడిగారు. నేను ఒహాయోలో, కొలంబస్ దగ్గర ఉంటాను. మూడేళ్ల కిందట ఇలాంటి బండే ఒకటి చేశాను. ఆ ఆరు నెలలు నాన్న మా దగ్గరే ఉన్నారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లకు పైగా లేత్ మీద, వెల్డింగ్ మీద పని చేసిన మనిషి. కింద నేను రాసేదాంట్లో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

గ్రైండర్ చేతిలోకి తీసుకునే ముందు ఆ ఫ్రేమ్ ఎవరిదో చూసుకోండి. 1960లు, 70లలో ఈ దేశంలో మినీ బైకులు చాలా కంపెనీలు చేశాయి. మీది రప్, బొనాంజా, టాకో లాంటిదైతే దయచేసి కొయ్యకండి. రప్ కంపెనీ మా ఒహాయోలోనే, మ్యాన్స్‌ఫీల్డ్‌లో ఉండేది. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న వాళ్ల రోడ్‌స్టర్ కోసం ఇప్పటికీ వెతుక్కునేవాళ్లున్నారు. అలాంటిది దొరికితే ఉన్నదున్నట్టు బాగుచెయ్యండి, లేదా దాని విలువ తెలిసినవాళ్లకి అమ్మేసి, పేరూ ఊరూ లేని ఫ్రేమ్ ఒకటి కొనుక్కోండి. కోసి అతికే ప్రయోగాలు దాని మీద చేసుకోవచ్చు. నాది అలాంటి బేడ్జ్ లేని ఫ్రేమే.

ఇక రంగు సంగతి. హాట్ రాడ్ అంటే అద్దంలా మెరిసే రంగు, క్రోమ్. ర్యాట్ రాడ్ దానికి పూర్తిగా ఎదురు. బండి నడవడానికి ఏమేం కావాలో అవన్నీ సరిచేసి, పైరూపాన్ని మాత్రం దాని వయసుకే వదిలేస్తాం. నాన్నకి ఇది మింగుడుపడటానికి వారం పట్టింది. "తుప్పుతో బండి బయటికి పంపిస్తే అది పని చేసినట్టా రా? లప్పం పెట్టి, రెండు కోట్లు రంగు కొడితే కొత్తదానిలా ఉంటుంది కదా" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. తుప్పు పోగొట్టడమే జీవితాంతం ఆయన చేసిన పని.

మేమిద్దరం ఒక్కటైంది ఆక్సాలిక్ యాసిడ్ దగ్గర. హార్డ్‌వేర్ షాపుల్లో వుడ్ బ్లీచ్ పేరుతో పొడిగా దొరుకుతుంది. పిల్లలు గాలి ఊదుకుని ఆడుకునే ప్లాస్టిక్ పూల్‌లో, ప్యాకెట్ మీద రాసినంత కలిపి, ఫ్రేమ్ ముంచి ఒక రాత్రంతా ఉంచాం. పొద్దున్నే తీసి హోస్ పైపుతో కడుగుతుంటే గోధుమరంగు నీళ్లు కారిపోయి, కింద నుంచి ఎర్ర రంగు బయటికొచ్చింది. అక్కడక్కడ పలచబడి, మోకాళ్లు ఆనే చోట పూర్తిగా అరిగి ఇనుము కనిపిస్తోంది. ఎవరో పిల్లవాడు ఏళ్ల తరబడి నడిపిన గుర్తు అది. నాన్న ఆ అరిగిన చోట బొటనవేలు పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత రంగు మాట ఎత్తలేదు.

అందుకే మీకూ అదే చెబుతాను. వైర్ బ్రష్‌తో, శాండ్ బ్లాస్టింగ్‌తో మొదలుపెట్టకండి. అవి తుప్పుతో పాటు రంగునీ లేపేస్తాయి, పోయిన పాత రంగు మళ్లీ రాదు. ఆక్సాలిక్ యాసిడ్ తుప్పుని తీసి రంగుని చాలావరకు వదిలేస్తుంది. కానీ అది విషం. చేతులకి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, పిల్లల్ని, కుక్కల్ని దగ్గరికి రానివ్వకండి, ఆ పూల్ మళ్లీ ఆటకి వాడకండి. అయ్యాక బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్, అంటే మన అవిసె నూనెలాంటిదే, పలచగా రాసి తుడిచెయ్యండి. ఆ తుడిచిన గుడ్డల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నిప్పు అక్కర్లేదు. నేను ఆరుబయట కాంక్రీటు మీద పరిచి ఎండబెట్టి, తర్వాత నీళ్లలో తడిపి మూత ఉన్న డబ్బాలో వేసి పారేశాను.

ఇంజిన్ పట్టేసిందని వెంటనే కొత్తది కొనకండి. నాకు దొరికింది బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 5 హెచ్‌పీ ఫ్లాట్‌హెడ్. పైనున్న రేకు కవర్ మీద మోడల్, టైప్, కోడ్ అని అంకెలు కొట్టి ఉంటాయి. కోడ్‌లో మొదటి రెండూ సంవత్సరం, తర్వాతవి నెల, తేదీ. నాది 720614తో మొదలైంది. 1972 జూన్ 14. నాన్న ఆ అంకెలు రెండుసార్లు చదివి, "నేను పనిలో చేరిన ఏడాదే" అన్నారు. ఇక ఆ ఇంజిన్ మార్చే ప్రశ్నే లేదు.

ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి, హెడ్ ఒక మూత లాంటిదే. విప్పడం తేలిక. బోల్టులు కొన్ని పొడుగు, కొన్ని పొట్టి, ఏది ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి. సిలిండర్‌లో ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశాం. దగ్గర్లో మంట, నిప్పురవ్వ ఉండకూడదు. తర్వాత ఫ్లైవీల్‌ని, అంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, చేత్తో ఇటు కొంచెం అటు కొంచెం ఊపుతూ ఉంటే ఐదో రోజు కదిలింది. సుత్తి మాత్రం వాడొద్దు.

కదిలినా స్పార్క్ రాలేదు. ఈ పాత ఇంజిన్లలో స్పార్క్ ఎప్పుడు రావాలో తేల్చే పాయింట్లు ఫ్లైవీల్ కింద దాక్కుని ఉంటాయి. పాయింట్లు శుభ్రం చేసి గ్యాప్ 0.020 అంగుళాలకి, కాయిల్‌కి ఫ్లైవీల్‌కి మధ్య సందు 0.010కి పెట్టుకోండి. ఆ రెండో సందుకి మందపాటి విజిటింగ్ కార్డు సరిపోతుంది. అక్కడే ఫ్లైవీల్ కీ కూడా చూడండి. అది ఫ్లైవీల్‌ని క్రాంక్ షాఫ్ట్ మీద పక్కకి జరగకుండా పట్టే మెత్తటి అల్యూమినియం ముక్క. నాది సగం తెగి పక్కకి జరిగింది, అందుకే టైమింగ్ తప్పింది. అలాంటిదే కొత్తది వెయ్యండి, గట్టిగా ఉంటుందని ఇనుపది వెయ్యకండి. దెబ్బ తగిలినప్పుడు క్రాంక్ పాడవకుండా తాను తెగిపోవడమే దాని పని. కార్బురేటర్‌లో డయాఫ్రం ఎలాగూ గట్టిపడి ఉంటుంది, మార్చేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, వెల్డింగ్. బండి పొడుగ్గా, కిందికి కూర్చున్నట్టు ఉండాలని నేను వెనక వైపు నాలుగంగుళాలు పెంచాను, ముందు ఫోర్కు ఫ్రేమ్‌కి కలిసే నెక్ దగ్గర కోణం మార్చాను. గ్యారేజీలో మామూలు ప్లగ్గుకి పనిచేసే ఫ్లక్స్ కోర్ (గ్యాస్ సిలిండర్ అక్కర్లేని) వెల్డింగ్ మెషిన్‌తో నేనే చేశాను. పైకి చూస్తే చాలా బాగుంది. రెండు రోజులు పెరట్లో నడిపాను కూడా.

మూడో రోజు నాన్న నెక్ దగ్గర వంగి చూసి, "కిరసనాయిలు ఉందా?" అని అడిగారు. గుడ్డతో అతుకు మీద కిరసనాయిలు పూసి పది నిమిషాలు ఆగారు. పైన తడి లేకుండా శుభ్రంగా తుడిచేశారు. తర్వాత లోపలికెళ్లి అమ్మ ముగ్గు డబ్బా తెచ్చారు. చిటికెడు ముగ్గుపిండి తీసి అతుకు మీద సన్నగా చల్లి, మళ్లీ ఆగారు. తెల్లటి పొడి మీద మెల్లగా ఒక గీత తడిగా పైకి తేలింది. వెంట్రుక మందం ఉంటుంది, అంతే. ట్యూబ్ చుట్టూ దాదాపు సగం దాకా పాకింది. పగులులోకి దిగిన కిరసనాయిలుని పొడి బయటికి లాగింది. నా వేలితో తడిమితే ఏమీ తెలియలేదు, కంటికీ కనిపించలేదు. నా ఏడేళ్ల కొడుకు ముందు రోజు సాయంత్రమే దాని మీద కూర్చున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం సులువుగానే తేలింది. పాత రంగు పోతుందని నేను చుట్టూ సరిగ్గా గ్రైండ్ చెయ్యలేదు, అంచులు వాలుగా కొయ్యలేదు. మెటల్ లోపలిదాకా కరగకుండా పైనే పేరుకుంది. మొత్తం కోసేసి మళ్లీ చేశాం. లోపల సరిగ్గా పట్టే ఇనుప ముక్కని దూర్చి, ట్యూబ్‌కి పక్కల చిల్లులు పెట్టి ఆ ముక్కకి కూడా వెల్డ్ పట్టించి, తర్వాత చుట్టూ అతికాం. నెక్ మాత్రం ఈసారి నేను చెయ్యలేదు, నాన్న చేశారు. మీకు వెల్డింగ్ బాగా చేయి తిరిగి ఉంటే తప్ప నెక్ జోలికి వెళ్లొద్దు, డబ్బులిచ్చి తెలిసినవాళ్లతో చేయించండి. ఇంకొకటి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ పెట్టకండి. కొన్ని రకాల్లో క్లోరిన్ ఉంటుంది, ఆ వేడికి ప్రాణాంతకమైన గ్యాస్ పుడుతుంది.

ఆ అతుకు దగ్గర పాత ఎరుపు పోయింది. వెనిగర్, పెరాక్సైడ్, ఉప్పు కలిపి కొడితే గంటలో పాతదానిలా తుప్పు తెప్పించొచ్చు, చాలామంది చేస్తారు. నాకు మనసొప్పలేదు. దాన్ని కొత్త అతుకులాగే వదిలేసి నూనె రాశాను. యాభై ఏళ్ల పాత రంగు పక్కన నాన్న వేసిన వెల్డింగ్ గీతలు కనిపిస్తేనే నాకు ఇష్టం.

వేగం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. వేగం హద్దు దాటకుండా ఆపే గవర్నర్ ఉంటే ఇంజిన్ 3600 ఆర్‌పీఎం దగ్గర ఆగుతుంది. క్లచ్‌కి 10 పళ్లు, వెనక స్ప్రాకెట్‌కి 60 పళ్లు అనుకోండి, చక్రం నిమిషానికి 600 సార్లు తిరుగుతుంది. పదిన్నర అంగుళాల టైరు ఒక చుట్టుకి దాదాపు 84 సెంటీమీటర్లు. అంటే గంటకి 30 కిలోమీటర్లు, మైళ్లలో 19. ఇంత చిన్న చక్రాల మీద అది చాలా ఎక్కువ. గవర్నర్ తీసెయ్యమని ఎవరైనా చెప్తే వినకండి. కంపెనీ ఇచ్చిన కనెక్టింగ్ రాడ్డు, ఫ్లైవీల్ అంతకు మించిన వేగానికి చేసినవి కావు, పగిలితే ముక్కలు కాళ్ల మధ్యే పేలతాయి. క్లచ్ కొనేముందు షాఫ్ట్ కొలవండి. 5/8 అంగుళాలవి ఉంటాయి, 3/4 అంగుళాలవి ఉంటాయి, ఫొటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

టైర్లు, బేరింగులు, చైన్, కేబుళ్లు, యాక్సిలరేటర్ వెనక్కి లాగే స్ప్రింగు, ఇవన్నీ కొత్తవే. పగుళ్లిచ్చిన పాత టైరు చూడటానికి ఎంత బాగున్నా సరే. రిమ్ము రెండు ముక్కలుగా బోల్టులతో బిగించినదైతే, గాలి మొత్తం తీశాకే బోల్టు ముట్టుకోండి. టైరుకి రాసుకునే పాత బ్రేకు తీసేసి బ్యాండ్ బ్రేక్ (డ్రమ్ము చుట్టూ పట్టీ బిగించేది) పెట్టండి, వానలో ఆ పాతది పనిచెయ్యదు. చైన్ గార్డు లేకుండా ఉంటేనే స్టైల్ అంటారు, నేనైతే పెట్టాను. మామూలుగా ఈ మినీ బైకులు రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకోదు. సొంత స్థలంలో, హెల్మెట్ పెట్టుకునే.

అలంకారం విషయంలో నా సలహా ఒక్కటే, రెడీమేడ్ పుర్రె బొమ్మలు కొనకుండా మీ ఇంట్లోవి వాడండి. మా సీటు వెనక టూల్ బాక్స్, నాన్న ఆటోనగర్‌కి అన్నం పట్టుకెళ్లిన సత్తు క్యారేజీ. వచ్చేటప్పుడు అమ్మ అందులో కారప్పొడి పోసి తెచ్చింది. కింద గిన్నెలో స్పానర్లు, మధ్య గిన్నెలో ప్లగ్గు, కీ, చైన్ లింకు, పై గిన్నెలో గుడ్డ. నాన్నే రబ్బరు ముక్కలు పెట్టి బిగించారు, అదరకుండా.

మీ ఇంజిన్ మీద ఉన్న కోడ్, నెక్ దగ్గరి ఫొటో ఒకటి కింద పెట్టండి. ఏ ఏడాదిదో, కొయ్యొచ్చో లేదో చూసి చెప్తాను. నెక్ పాతదైనా సరే, నడిపేముందు ఆ ముగ్గుపిండి పరీక్ష చేసి ఫొటో తియ్యండి.